పసుపు ప్యాకెట్టు మీద నవ్వే రైతు

ఎలుకల మందు పొట్లం చేతిలోకి తీసుకున్న రేఖకు గుండె గుభేలుమంది. పొట్లం మీద తలపాగా చుట్టిన రైతు ఒకడు ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ తలపాగా, ఆ మీసం, ఆ పళ్ళు ఆమెకు బాగా తెలుసు. మామగారి పసుపు ప్యాకెట్టు కోసం ఇంటర్నెట్టంతా గాలించి, ఏరికోరి తెచ్చుకున్న రైతు అతనే. కాకపోతే ప్యాకెట్టు మీద అతని చేతిలో పసుపు కొమ్ము ఉంది. ఇక్కడ తోక పట్టుకుని ఎత్తిన చచ్చిన ఎలుక ఉంది.

"ఏటే, అలా గుడ్లప్పగించి సూస్తన్నావు? గోదాంలో మూలమూలనా పెట్టీసి రా. నిన్న సంతలో కొన్నాను, మా గట్టి మందంట," అంది అత్తగారు పద్మకుమారి. శుక్రవారం కదా, ఆవిడ అప్పుడే గడపకు పసుపు రాసి, అంచున వరిపిండి గీత గీసి, కుంకుమ బొట్లు పెట్టి, చేతులు కడుక్కుంటోంది.

ఊరికే దొరికిన బొమ్మ మరి! రేఖకు దొరికింది ఇంకొకరికి దొరకదా? ఉచితం అన్న మాట కనబడితే సంబరపడే బుద్ధి ఎలుకల మందు అమ్మేవాళ్ళకు మాత్రం ఉండదా? ఇంత చిన్న సంగతి చదువుకున్న పిల్లకు తట్టనే లేదు.

శృంగవరపుకోటలో మామగారు వెంకటరావు కొట్లో పసుపు ఇన్నాళ్ళూ బస్తాల్లోంచి తూచి అమ్మారు. ఇప్పుడు ప్యాకెట్లు కట్టి అమ్మాలనుకున్నారు. ప్యాకెట్టు మీద బొమ్మా అక్షరాలూ విశాఖపట్నంలో ఏదైనా పెద్ద కంపెనీ చేత వేయించమని బంధువులంతా చెప్పారు. వెంకటరావు వినలేదు. "మా కోడలు ఆ పనే సదూకున్నాది. అదే సేస్తాది," అన్నాడు నలుగురిలో. ఆ మాట విన్న రోజు రేఖకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ మాట నిలబెట్టడం ఎలాగన్న భయం మర్నాడు మొదలైంది.

అప్పటినుంచి ఆమె చూడని వెబ్‌సైటు లేదు. జపాను టీ డబ్బాలు, ఇటలీ మిఠాయి పెట్టెలు, పాతకాలం సబ్బుల ప్రకటనలు, లావు అక్షరాలు, సన్న అక్షరాలు, అన్నీ చూసి దాచుకుంది. చూసినకొద్దీ చుట్టాలింట్లో విందులు తిన్నట్టు కడుపు నిండిపోయింది గానీ, సొంతంగా వండుకునే ఓపిక పోయింది. చివరికి విసిగిపోయి ఆ నవ్వే రైతును తెచ్చి అతికించి, బుధవారం ప్రింటింగుకి పంపించేసింది. ఈ పొద్దుటే అచ్చు మొదలవ్వాలి.

రేఖ ఫోన్ తీసి విశాఖపట్నం ప్రెస్సుకి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పసుపు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు "ఇది ఎలకల మందేటి?" అని అడుగుతున్నట్టూ, అన్న మాట పోయి మామగారు తల దించుకున్నట్టూ కళ్ళముందు కనబడింది. ఇంకోసారి చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది.

"పసుపు ప్యాకెట్లాండి? వెంకటరావుగారు మొన్ననే ఆపేయమన్నారు కదండీ. మీకు చెప్పలేదా?"

బతికానురా దేవుడా అనుకుంది రేఖ. ఒంట్లో బిగువంతా ఒక్కసారి వదిలిపోయి, నిలబడ్డచోటే కూలబడింది. ఆ కూలబడింది సరిగ్గా గడప మీద.

"ఒసే, నెగు! గడప మీద కూకుంటారేటే ఎవులైనా? ఇంకా తడైనా ఆరనేదు!" అని పద్మకుమారి వేసిన కేకకు ముందువైపు కొట్లోంచి వెంకటరావు పరుగున వచ్చాడు.

"మావయ్యా, అచ్చు మీరే ఆపించారా?"

వెంకటరావు దొంగలా దొరికిపోయాడు. "ఆ బొమ్మ నాకు నచ్చనేదమ్మా. పసుపు కొనేది ఆడోళ్ళు. ఆ మొగోడికేటి అంత నవ్వు? సెప్తే బాధపడతావని నోరు రానేదు. నీకు మొకం సూపించనేక అన్నం కొట్టుకే తెప్పించుకుంటన్నాను."

రేఖ లేచి ఎలుకల మందు పొట్లం ఆయన చేతికిచ్చింది. ఆయన రైతును చూశాడు, ఎలుకను చూశాడు, కోడల్ని చూశాడు. నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకున్నాడు. రేఖకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి ఆయన మెల్లిగా అడిగాడు.

"మరిప్పుడేటి సేద్దాం? పోనీ, ఆ పెద్ద కంపెనీకే ఇచ్చీమంటావా?"

రేఖ దాచుకున్న బొమ్మల కోసం మళ్ళీ ఫోన్ తీస్తూ లోపలికి తిరిగింది.

"ముందా బట్టలు మార్సుకోమనండి! యెనకంతా ఎలాగయిపోనాదో సూడండి," అని పద్మకుమారి ఆమెను అద్దం ముందుకు తోసింది.

రేఖ మెడ తిప్పి చూసుకుంది. ముదురాకుపచ్చ కుర్తా మీద వెడల్పాటి పసుపు పట్టీ, దాని అంచున తెల్లటి వరిపిండి గీత, మధ్యలో వరసగా ఎర్రటి కుంకుమ బొట్లు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ గడపను దాటడమే తప్ప ఏనాడూ నిలబడి చూడలేదామె.

"అత్తా, దీన్ని ఉతక్కండి!" అంటూ గబగబా ఫోటో తీసుకుంది.

మధ్యాహ్నానికి కొత్త బొమ్మ తయారైంది. పసుపు మొక్క ఆకులాంటి ముదురాకుపచ్చ ప్యాకెట్టు, దాని మీద అడ్డంగా గడప, గడప కింద కళ్ళద్దాలు లేకుండా అత్తగారు కూడా చదవగలిగే బొద్దు అక్షరాలతో కొట్టు పేరు. అంతే.

వెంకటరావు దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది మన గడపే కదే!" అంది పద్మకుమారి.

"ఎవుడూ నవ్వడం నేదు," అన్నాడు వెంకటరావు. "బాగున్నాది." ప్రెస్సుకి తనే ఫోన్ చేసి కొత్తది పంపుతున్నామని చెప్పాడు. తర్వాత కండువా తీసి మేకుకు తగిలించి, పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"అన్నం ఎట్టమ్మా రేకా. ఈ పూట ఇంట్లోనే తింటాను."