పనివారు మెట్లు వాడవలెను

నా భార్య సత్యవేణిని చంపినవాడు రామభద్రరావు. డాక్టరు కాగితం మీద గుండెజబ్బు అని రాశాడు. అది డాక్టరు లెక్క.

అల్వాల్‌లో రామభద్రరావు కార్యదర్శిగా ఉన్న అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకు నేను వాచ్‌మన్‌ని. సత్యవేణి పై అంతస్తులో కమలాబాయిగారి ఇంట్లో వంట చేసేది. లిఫ్ట్ పక్కన ఆయన బోర్డు పెట్టించాడు: 'లిఫ్ట్ నివాసులకు మాత్రమే. పనివారు మెట్లు వాడవలెను.' మెట్లు ఎక్కవద్దని పెద్దాసుపత్రిలో సత్యవేణికి చెప్పారు. ఆ తర్వాత కూడా నాలుగు నెలలు ఎక్కింది. ఒక పొద్దున మూడో అంతస్తు మలుపులో కూర్చుంది. మళ్లీ లేవలేదు.

తర్వాత నాకు కావలసింది ఒక్కటే. ఆ బోర్డే ఆమెను చంపిందని రామభద్రరావు అందరి ముందు ఒప్పుకోవాలి. నివాసుల మీటింగులో నేను కుర్చీలు వేసేవాణ్ని. మాట్లాడే హక్కు లేదు.

రెండో అంతస్తులో రజిత అద్దెకుండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ ఆఫీసు క్వాలిస్ బండి వచ్చి మాదాపూర్ తీసుకుపోయేది. సత్యవేణి పోయాక వచ్చిన వేసవిలో ఆమె పొద్దున్నే మేడ మీదికి వచ్చి ఇంగ్లీషులో ఏదో గట్టిగా అప్పజెప్పేది. నేను నీళ్ల ట్యాంకు చూడటానికి వెళ్లేవాణ్ని. ఊరి బడిలో ఏడో తరగతి నాది. ఇంగ్లీషు రాదు. ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తోందని మాత్రం చెవికి తెలిసింది.

“ఏటమ్మా, అన్నదే అంటన్నావు?”

“ఆఫీసుల స్పీచ్ పోటీ ఉంది కాకా. అమెరికా నుంచి క్లయింట్లు వస్తున్రు. నలభై ఏండ్ల కింద అక్కడ ఒక నల్లజాతి పాస్టర్ ఇచ్చిన స్పీచ్ ఇది. దునియా మొత్తం తెలుసు. నేను చెప్తే ఫీల్ లేదని మా మేనేజర్ పరేషాన్ చేస్తుండు.”

“ఏటన్నాడు ఆయన?”

బానిసలకు విడుదల అని కాగితం రాసి నూరేళ్లయినా చేతికి ఏమీ రాలేదన్నాడట. ఇక ఆగేది లేదన్నాడట. రంగు చూడకుండా మనిషిని చూసే రోజు వస్తుందని తనకు కల ఉందన్నాడట.

“అక్కడ బోర్డులు సుత ఉండె కాకా, తెల్లోళ్లకే అని. పిల్లల ఇజ్జత్ తీసే బోర్డులు. గవి ఉన్నంతకాలం ఊకునేది లేదన్నడు.”

ట్యాంకు నిండి నీళ్లు పొంగిపోతున్నాయి. నేను మోటారు కట్టలేదు.

“మరి ఒకే మాట అన్నిసార్లు ఎందుకు?”

“అది టెక్నిక్. ప్రతి లైను అదే ముక్కతో షురూ చేస్తడు.”

“టెక్నిక్కు కాదు. మా శ్రీకాకుళం వైపు శవం కాడ ఆడోళ్లు ఏడుస్తారు. ప్రతి వరసా ఒకే పిలుపుతో ఎత్తుకుంటారు. పోయినోడు పలకడు. అందుకే మళ్లీ పిలుస్తారు.”

“గిది ఏడుపు కాదు కాకా, ఆశ.”

“పలకనోడి ముందు రెండింటికీ ఒకటే గొంతు.”

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఆ ముక్క వచ్చిన ప్రతిసారీ గొంతు మారింది. పోటీలో ఆమే గెలిచింది. నాకు స్వీటు తెచ్చింది. నేను తినలేదు.

“మన బోర్డు గురించి ఆదివారం మీటింగులో అడుగమ్మా.”

“నేను కిరాయిదాన్ని కాకా. ఖాళీ చెయ్యమంటే ఎటు పోవాలె?”

“అమెరికా బోర్డు మీదైతే మేడెక్కి అరిచావు.”

ఆమె ముఖం ఎర్రబడింది. “మాట్లాడ్త” అంది.

ఆదివారం సెల్లార్‌లో ఇరవై మంది కూర్చున్నారు. బోరు గురించి, కార్ల గురించి మాటలయ్యాక రజిత లేచింది. చేతిలో రాసుకొచ్చిన కాగితం ఉంది. దాన్ని మడిచేసింది.

“సత్యవేణమ్మ మెట్లెక్కింది, పై ఇంట్ల పప్పు ఉడికింది. సత్యవేణమ్మ మెట్లెక్కింది, లిఫ్ట్ ఖాళీగ కిందికి పోయింది. సత్యవేణమ్మ మెట్లెక్కింది, మనమందరం చూసినం. ఆ బోర్డు ఇయ్యాల తీసెయ్యాలె.”

నేను రామభద్రరావు ముఖమే చూస్తున్నాను.

“బోర్డు పెట్టించింది నేనే,” అన్నాడు ఆయన. “తీసేద్దాం, నాకేం. కానీ సన్యాసిరాజూ, ఇలా రా. సంక్రాంతి ముందు కమలాబాయిగారు నీ భార్యను చెయ్యి పట్టుకుని లిఫ్ట్ ఎక్కించారు. నేనూ అక్కడే ఉన్నాను. నేనేమన్నా అన్నానా?”

“లేదు బాబూ.”

“మరి గ్రిల్ తలుపు తెరిచి ఆమెను దింపిందెవరు?”

కమలాబాయిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “వదిలెయ్యండి, పాపం” అన్నారు.

“అతన్నే చెప్పనివ్వండి,” అన్నాడు రామభద్రరావు.

ఆ రోజు అంతకు పది నిమిషాల ముందే పనిమనిషి బుచ్చమ్మను నేను లిఫ్ట్‌లోంచి దింపాను. ఆమె తడిబట్టతో మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. ‘వాచ్‌మన్ పెండ్లానికి ఒక రూలు, నాకొకటా’ అని రేపు వీధంతా చెప్పుకుంటుంది. నా ఉద్యోగం నిలబడిందే ఎవరి మీదా పక్షపాతం చూపడన్న పేరు మీద. దిగు అన్నాను. సత్యవేణి దిగింది. మెట్లెక్కింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా లిఫ్ట్ ఎక్కలేదు.

రజిత నా వైపు తిరిగింది. “నిజమేనా కాకా?”

“నిజమే.”

ఆమె కూర్చుంది. బోర్డు తీసెయ్యడానికి అందరూ చేతులెత్తారు. రామభద్రరావు కూడా ఎత్తాడు. అప్పటికప్పుడు నాచేతే మేకులు పీకించారు.

ఆయన ఒప్పుకోలేదు. నేను క్షమించలేదు. ఆయననూ, నన్నూ. మర్నాడు రజిత మేడ మీదికి వచ్చి, “కాకా, జెర నా మాట విను” అంది. నేను మోటారు కట్టేసి దిగిపోయాను. చెప్పవలసింది ఇక్కడ చెప్పాను. ఈ విషయం మీద నా నోటి నుంచి ఇక ఎవరూ ఒక్క మాట వినరు.