వేళ్ళకు తగలనిది

జారులో సగానికి నీళ్ళు పోసి, మూత మీద ఎడమ అరచెయ్యి ఆనించి, అతను స్విచ్చు తిప్పాడు. నీళ్ళు జారు గోడలెక్కాయి, నడుమ గుంట పడింది. కళ్ళు మూసుకుని విన్నాడు. కార్బన్ బ్రష్‌లు కుదురుకున్నాయి. బుష్షు మోత లేదు. ముప్పై ఏళ్ళుగా తన చేతిలో బాగుపడిన ప్రతి మిక్సీనీ అతను ఇలాగే, నీళ్ళతోనే పరీక్షించి పంపాడు. మోటారు గొంతు సరిగ్గా ఉంటే చాలు, మిగతాది ఇంటివాళ్ళ పని.

మునుపైతే తిరుగుతున్న మిక్సీని పొట్టకు ఆనించుకునేవాడు. ఎక్కడ లోపముందో ఆ వణుకు కండలోంచి నేరుగా అతనికి తెలిసిపోయేది. బొజ్జ మేస్త్రీ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పదిహేను రోజుల కిందట బరువు తగ్గడానికని డాక్టర్లు అతని జీర్ణాశయంలో ముప్పాతిక వంతు కోసి తీసేశారు. మిగిలిన సన్నటి గొట్టానికి స్టేపుల్ పిన్నులు వేశారు. మోకాళ్ళు ఇక మోయలేమన్నాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే భార్య పక్కనే మేలుకుని కూర్చునేది. ఆమె కోసం ఒప్పుకున్నాడు. ఇప్పుడా పొట్ట గాలి తగ్గిన ట్యూబులా ఉంది. మిక్సీ ఆనిస్తే ఏమీ చెప్పడం లేదు.

"మేస్త్రీ, పొట్టెక్కడ తాకట్టు పెట్టావ్?" అని పక్క కొట్టు తాళాలవాడు రోజూ అడుగుతాడు.

"విడిపించుకోనులే," అని ఇతను రోజూ అంటాడు.

ఇన్నాళ్ళూ నీళ్ళూ, వడకట్టిన సూపూ. ఇవాళ్టి నుంచి గుజ్జు. ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి మొగుడూ పెళ్ళాలిద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దితే రవ్వంత కూడా తగలకూడదు. తగిలితే గొట్టంలో ఇరుక్కుంటుంది, వాంతులు పట్టుకుంటాయి, కుట్లు తెగుతాయి, తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

వీధి మిక్సీలన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో మిక్సీ మూత నొక్కి పట్టుకుంటే తప్ప తిరగదు, తిరిగినా పలుకులు మిగులుస్తుంది. అందుకే భార్య పొద్దున బట్టల కంపెనీకి గుండీలు కుట్టే పనికి వెళ్తూ గట్టిగా చెప్పింది. "ఇవాళ కొత్తది కొనండి. కోడిమాంసం, క్యారెట్ ఉడికించి డబ్బాలో పెట్టా. నేనొచ్చి చేసి పెడతా. అందాకా సూపు తాగండి."

పదకొండింటికి పెద్ద బజారుకు వెళ్ళాడు. షాపులో అమ్మాయి ఎవరికి అంకుల్, ఆంటీకా, జ్యూసులకా పొడులకా అని అడిగింది. తనకని చెప్పడానికి నోరు రాలేదు.

"ఒక పేషెంటుకి," అన్నాడు.

ఆమె పొడవాటి జారున్న యంత్రం తెచ్చి, గింజలు వేసి తిప్పి చూపించింది. గింజలు వెన్నయ్యాయి. అతను కళ్ళు మూసుకుని విని, మంచి మోటారే అని లోపల్లోపల ఒప్పుకున్నాడు. తర్వాత అలవాటు కొద్దీ దాన్ని తలకిందులు చేశాడు. అడుగున ఒక్క మర కూడా లేదు. నున్నగా అతికేసి ఉంది.

"పాడైతే దీన్ని ఎలా విప్పుతారమ్మా?"

"విప్పరంకుల్. కంపెనీవాళ్ళు కొత్తదిస్తారు."

అతను దాన్ని మళ్ళీ నిలువుగా తిప్పి పట్టుకున్నాడు. విప్పడానికి వీల్లేని వస్తువును ఇంట్లో పెట్టుకోవడం, పలకని మనిషితో కాపురం చేయడమనిపించింది. ఆ మాట కింద ఇంకో మాట ఉంది. ఈ పెట్టె మోసుకుంటూ తాళాలవాడి ముందునుంచి తన కొట్లోకి ఎలా వెళ్ళడం? మళ్ళీ వస్తానమ్మా అని యంత్రాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

కొట్లో అటక మీద ఎవరూ తీసుకుపోని మిక్సీలున్నాయి. ఒకదాని మోటారు, ఒకదాని జారు, మరొకదాని బ్లేడు తీశాడు. తీగలు అతికేటప్పుడు పట్టకారు వాడలేదు, వేడి తీగనే వేళ్ళతో పట్టుకున్నాడు. ఆ వేళ్ళ కొసలు ఎప్పుడో కాయలు కాచి, వేడీ వాడీ తెలియడం మానేశాయి. రెండు గంటలు పట్టింది. నీళ్ళు పోసి తిప్పాడు. ముప్పై ఏళ్ళలో తనకోసం చేసుకున్న మొదటి యంత్రం అది. ఇంత శుభ్రమైన గొంతు అతనెప్పుడూ వినలేదు.

సాయంత్రం దాకా ఆగబుద్ధి కాలేదు. కొట్టు వెనకే ఇల్లు. డబ్బా తెచ్చి జారులో వంపి తిప్పాడు. చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. ఏమీ తగల్లేదు. మళ్ళీ రుద్దాడు. వెన్న.

మూడు చెంచాలు తిన్నాడు. ఆపరేషను తర్వాత ఆకలన్నదే లేదు, దాన్ని వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా తిన్నాడు. నాలుగో చెంచా తనకోసం కాదు, మిక్సీ కోసం తిన్నాడు.

కాసేపటికి రొమ్ము ఎముక కింద, మర అడ్డంగా ఎక్కి బిగుసుకున్నట్టయింది. వెనక్కి వెళ్ళి బకెట్లో కక్కుకున్నాడు. మూడుసార్లు. తాళాలవాడికి వినపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత వచ్చి ఒకావిడ మిక్సీకి ప్లగ్గు మార్చాడు. ఎడమ భుజం లాగుతోంది. చెమట చల్లగా పడుతోంది. బల్ల మీద వంగి పనిచేసినందుకే అనుకున్నాడు.

ఆరింటికి భార్య వచ్చేసరికి గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"ఏం తిన్నారు?"

"నేనే చేశా మిక్సీ. విను ఒకసారి."

ఆమె వినలేదు. జారులో మిగిలిన గుజ్జు తీసి వేళ్ళ మధ్య రుద్దింది. ఆగింది. ఇంకోసారి రుద్దింది.

"పీచు తగుల్తోందండీ."

"నేను చూశానే. ఏం తగల్లా."

ఆమె అతని కుడిచెయ్యి తీసుకుని వేళ్ళు వెల్లకిలా తిప్పింది. నల్లగా, పెంకుల్లా మెరుస్తున్న కొసల్ని చూసింది.

"ఈ వేళ్ళతోనా?"

అతను కూడా వాటిని చూశాడు. అవి తనవని అప్పుడే ఎవరో చెప్పినట్టు చూశాడు.

ఆ రాత్రే ఆసుపత్రిలో మళ్ళీ పొట్ట తెరిచారు. కుట్టు తెగి లోపలంతా చీము పట్టిందన్నారు. మూడో రోజు కొంచెం తెలివి వచ్చింది. భార్య చెవి దగ్గరికి వంగితే, "అది ఎవరికీ ఇవ్వకు," అన్నాడు. "బ్లేడు మొద్దుబారింది. నీళ్ళకి తెలీదు కదా."

నాలుగో రోజు ఉదయం ఆమె సీసాలో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది.

సంతకం పెట్టించుకుని నర్సు ఒక సంచీ ఇచ్చింది. అందులో చొక్కా, చెప్పులు, చుట్టచుట్టిన బెల్టు ఉన్నాయి. ఆ బెల్టుకు సోల్డరింగ్ కడ్డీతో కాల్చి అతను కొత్తగా వేసుకున్న రంధ్రాలు రెండున్నాయి. వాటికి వేలెడు దూరంలో, మూడోదానికి, పెన్సిలుతో చుట్టిన గుర్తు ఉంది.