గోడల్లేని దూడ

గోడలుంటే కుక్క తోక ఊపలేదు, అది ఖాయం, ఊపబోతే పాత తలుపులా కిర్రుమంటుంది, ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఉండాల్సింది మా అమ్మాయికి, జడ వేయించుకుంటూ అడిగింది పాపం, మొక్కల కణాలకున్నట్టు జంతువుల కణాలకీ గోడలుంటే ఏమవుతుందమ్మా, పది వాక్యాలు రాయాలి అని, నేనేమో రిబ్బను పళ్ల మధ్య పట్టుకుని, బస్సు వచ్చేస్తుంది, పుస్తకంలో చూసుకోపో అన్నాను, పశువుల డాక్టరు కూతురికి పుస్తకమే గతి, ఇప్పుడేమో భుజం దాకా ఆవు కడుపులో చెయ్యి పెట్టి, చెంప దాని తొడకి ఆనించి తీరిగ్గా ఆలోచిస్తున్నాను, తీరిక అంటే ఇదే మరి, వేళ్లకి పనుంది గాని కళ్లకి లేదు, ఇది ఒక కాలు, ఇది రెండోది, రెండూ ముందుకాళ్లే, బాగుంది, మరి వాటి మీద ఆనుకుని ఉండాల్సిన మూతి ఏది, మెడ వెంట పోతున్నాను, పోతున్నాను, తల ఎడమకి తిరిగి పూర్తిగా వెనక్కి మడుచుకుపోయింది.

పోయిన నెల ఇంకో ఆవు దగ్గరా ఇంతే, ఆ దూడ తలా ఇలాగే తిరిగి ఉంది, కంగారుపడ్డ కొద్దీ నా చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది, మా ఆసుపత్రి పెద్ద డాక్టరు వచ్చేసరికి దూడ దక్కలేదు, ఆయన పల్లెత్తు మాట అనలేదు, రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది, అప్పట్నుంచి ఇలాంటి పిలుపు ఏదొచ్చినా ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్తున్నాను, ఈరోజు ఆయన ఊళ్లో లేడు, ఈ ఆవు తప్ప మరో ఆధారం లేని పెద్దావిడ దాని నుదురు నిమురుతూ అడుగుతోంది, బతికే ఉందా డాక్టరమ్మా, ఉండు పెద్దమ్మా, నోరు అందితే చెబుతాను, వేలికొస అందింది, నాలుక తగిలింది, చప్పరించింది, నిజంగానే చప్పరించింది, బతికే ఉంది పెద్దమ్మా, పైగా ఆకలి మీద ఉంది.

సరే, తల తిప్పడానికి చోటు కావాలి, ముందు దూడని వెనక్కి నెట్టాలి, ఆవుకి నొప్పి వచ్చినప్పుడు ఆగాలి, వదిలినప్పుడు నెట్టాలి, ఆగినప్పుడల్లా నా చెయ్యి తలుపు సందులో పడ్డట్టు నలుగుతోంది, ఈ నలిపే కండరానికే గోడలుంటే ముడుచుకోదు, సాగదు, నొప్పే రాదు, నొప్పి లేనిదే కాన్పు ఎక్కడిది, ఆవు కూడా కాయ కాసి, ఎండాక విత్తనాలు రాల్చుకోవాలి, పెద్దావిడ కొట్టం నిండా మొలకెత్తిన దూడలు, నీళ్లు పోస్తే నిక్కుతాయి, పోయకపోతే ఆకుకూరలా వాలిపోతాయి, గుండె కొట్టుకోదు, తెల్ల రక్తకణం రోగక్రిమిని మింగలేదు, కూర్చున్న చోటే కూర్చుని తిట్టుకోవాలంతే, పిల్లి గేటు కింద దూరలేదు, గోడలకు చెవులుంటాయంటారు, చెవులకే గోడలుంటే ఏమంటారో, మా అత్తగారైతే పొద్దున్న ఆ ప్రశ్న విని, నా మోకాళ్లకి గోడలు ఎప్పుడో లేచాయే, నన్ను చూసి రాసుకో అన్నారు, అది నిజంగానే రాసుకుంది, మరి ఎండలో నిలబడితే అన్నం అక్కర్లేదా నానమ్మా అనీ అడిగింది, ఇప్పుడు నేను చెబుతున్నా, అది ఆకులోని పచ్చదనం చేసే పని పిచ్చి తల్లీ, గోడ చేసే పని కాదు, గోడలొచ్చినా ఆకలి అలాగే ఉంటుంది, కంచం మీదికి వంగడమే కుదరదు, ఇదిగో నొప్పి వదిలింది, నెట్టు, ఇంకాస్త, మూతి అందింది, పళ్లు తల్లికి గీరుకోకుండా గుప్పిట్లో కప్పుకున్నాను, మెల్లగా, మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, ఇది మొక్కా కాదు మానూ కాదు, ఎంతసేపట్నుంచి మడిచి ఉందో ఈ మెడ, విరగలేదు, చిట్లలేదు, తడి తువ్వాలులా నా చేతిలో తిరుగుతోంది, తిరుగుతోంది, తిరిగింది.

కాళ్లకి తాళ్లు కట్టి పెద్దావిడ అల్లుడి చేతికిచ్చాను, అంతసేపూ స్తంభాన్ని వాటేసుకుని కళ్లు మూసుకున్న మనిషి, నేను చెప్పినప్పుడే లాగు బాబూ, నేలవైపు లాగు అంటే బుద్ధిగా లాగాడు, గిట్టలు, ముక్కు, నుదురు, భుజాల దగ్గర ఒక్క క్షణం పట్టేసి, ఆ తర్వాత మొత్తం దూడ ఒక్కసారిగా జారి మా ఇద్దరి కాళ్ల మీదా పడింది, కదల్లేదు, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను, ఇంకోసారి తిప్పాను, తుమ్మింది, అల్లుడు అలవాటు కొద్దీ నూరేళ్లాయుష్షు అన్నాడు, ఆవు వెనక్కి తిరిగి నాకడం మొదలుపెట్టింది, పెద్దావిడ అలాగే నేల మీద చతికిలబడి, పెయ్యా కోడా అని కూడా అడగలేదు, చేతులు జోడించింది, ఆ చేతులు నేనే దించాను.

బకెట్ దగ్గర సబ్బు రుద్దుకుంటుంటే అడిగింది, చెయ్యి లోపల పెట్టి నీలో నువ్వే నవ్వుకున్నావేం డాక్టరమ్మా, నేను హడలి చస్తుంటే అని, నవ్వానా, నవ్వే ఉంటాను, అందుకే కాబోలు చెయ్యి బిగుసుకోలేదు, పోయిన నెల నా తల నిండా భయం ఒక్కటే, ఈరోజు దానికి కాలు పెట్టే చోటు దొరకలేదు, పుస్తకంలో చూసుకోపో అని మా అమ్మాయిని బడికి పంపేశాననుకున్నాను, ఎక్కడికీ పోలేదది, నాతోనే వచ్చి, ఆ ప్రశ్న పట్టుకుని నా చెవి పక్కనే నిలబడింది, ఈ దూడని నేనొక్కదాన్నే తియ్యలేదు, మేమిద్దరం తీశాం.