ముప్పై ఎనిమిది జ్వరాలు, ఒక పెళ్ళిబస్సు

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్లు మొదలవుతాయి. దేశంలోని తొమ్మిది ఊళ్ళ పెద్దాసుపత్రుల నుంచి ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, ఆ వారం జ్వరమూ దగ్గూ కలిసి వచ్చినవాళ్ళు ఎంతమందో చెబుతారు. రాజధాని వియంచన్‌లోని ఫ్లూ కేంద్రంలో మలైవాన్ ఆ అంకెలు రాసుకుని, గోడ మీది దేశపటంలో రంగులు వేస్తుంది. మామూలుగా ఉంటే ఆకుపచ్చ. కాస్త పెరిగితే పసుపు. మామూలుకి రెట్టింపు దాటితే ఎరుపు.

నాలుగో ఫోను నాంసాయ్ నుంచి వస్తుంది. ఆ నాలుగో ఫోనునే ఆమె పెళ్ళి చేసుకుంది.

మూడేళ్ళ కిందట ఆ గొంతు మొదటిసారి, "నాంసాయ్ ఆసుపత్రి నుంచి నర్సు ఖాంసింగ్‌ని మేడమ్. పదమూడు జ్వరాలు. ఇక్కడ వాన పడుతోంది," అంది. జ్వరాల లెక్కలో వాన సంగతి ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. మరుసటి వారం, "పదకొండు జ్వరాలు. ఇవాళ వాన లేదు," అన్నాడు. అలా వారం వారం జ్వరాలు తగ్గినా పెరిగినా, వాన కబుర్లు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. చివరికి బౌద్ధుల వాన ఉపవాసాలు మొదలైతే మూడు నెలలు పెళ్ళిళ్ళు ఉండవని, పోయిన శనివారం హడావిడిగా ముడి వేసేశారు.

పెళ్ళయి నాలుగు రోజులు. రెండు మణికట్లకీ పెద్దలు కట్టిన తెల్ల దారాలు ఇంకా అలాగే ఉన్నాయి. మూడు రోజులుంచితే చాలు, ఈమె మాత్రం విప్పనంటోంది. పొద్దున నూడిల్స్ చారులో నాలుగు దారాలు మునిగాయి. ఆఫీసులో అందరూ నవ్వారు. మలైవాన్ కూడా నవ్వింది. ఈ నాలుగు రోజులుగా ఆమెకి ఏం చూసినా నవ్వే. అమ్మ ఇంటి గుమ్మం దగ్గర తన చిన్న చెప్పుల పక్కన పడవల్లాంటి చెప్పుల జత వదిలి వెళ్ళాడాయన. వాటిని చూసినా నవ్వే. దారిన పోతూ ఒకసారి కాళ్ళు దూర్చి నడిచి చూసింది కూడా.

ఆదివారం అతను నాంసాయ్ వెళ్ళింది బాధ్యతలు అప్పగించి రావడానికే. వియంచన్‌కి బదిలీ కాగితం వచ్చేసింది. వచ్చే సోమవారం బస్సెక్కితే ఇక అత్తారిల్లే అతని ఇల్లు.

ఫోను మోగింది.

"నాంసాయ్ ఆసుపత్రి నుంచి నర్సు ఖాంసింగ్‌ని మేడమ్."

"చెప్పండి నర్సుగారూ," అంది మలైవాన్, పక్క బల్లవాళ్ళకి కనబడకుండా గోడవైపు తిరిగి.

"రాసుకోండి. ముప్పై ఎనిమిది."

"ఏమిటది, మీ చొక్కా కొలతా?"

"జ్వరాలు."

పెన్ను ఆగిపోయింది. ఈ రోజుల్లో నాంసాయ్ మామూలు అంకె పద్నాలుగు. ఇరవై ఎనిమిది దాటితే ఎరుపు. ఎరుపు పడ్డ ఆసుపత్రిలో మళ్ళీ ఆకుపచ్చ వచ్చేదాకా ఎవరికీ సెలవులుండవు, బదిలీలుండవు. కిందటేడు ఒక ఊరు ఏడు వారాలు ఎర్రగానే ఉండిపోయింది.

"మలై," అన్నాడతను, ఈసారి మేడమ్ లేకుండా. "పన్నెండు మంది నిన్న సాయంత్రం వచ్చారు. చీటీలింకా పుస్తకంలో ఎక్కించలేదు. రేపు ఎక్కిస్తే వచ్చే వారం లెక్క. అప్పుడు ఈ వారం ఇరవై ఆరే."

ఇరవై ఆరంటే పసుపు. సోమవారం బస్సు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు. మలైవాన్ మనసు ఒక్క క్షణంలో ఆ లెక్కంతా చేసేసి, ఇంటికెళ్ళి కూర వండి, విస్తళ్ళు కూడా వేసేసింది.

"నిన్న వచ్చినవాళ్ళు నిన్నే వచ్చారు కదండీ," అంది చివరికి, మెల్లగా.

"అవుననుకో."

"నన్ను పరీక్షిస్తున్నారా?"

"పరీక్ష కాదు, ఆశ."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కుర్చీ ఎక్కి, మెకాంగ్ ఒడ్డున చిక్కుడు గింజంత ఉన్న నాంసాయ్‌కి ఎర్ర పెన్సిలు రుద్దింది. కసిగా రుద్దేసరికి ములుకు విరిగింది.

దిగి, మళ్ళీ ఫోను అందుకుంది. "సరే, ఎవరా ముప్పై ఎనిమిది మంది? నా సంసారం ఆపినవాళ్ళ పేర్లయినా విననివ్వండి."

"చీటీలు నిన్నటిదాకా నా బదులు చేరిన కొత్తమ్మాయి రాసింది, నేనూ ఇప్పుడే చూస్తున్నా. ఆగు. మొదటిది, బున్‌హోమ్, అరవై నాలుగేళ్ళు."

"మన పెదనాన్నా?"

"ఆయనే. సోమవారం పొద్దున్నే వచ్చాడు. తర్వాత ఖాంపియూ అత్త. ఖేన్ వాయించే తాత. బస్సు డ్రైవరు..."

మలైవాన్ విరిగిన పెన్సిలు బల్ల మీద పడేసింది.

"ఏమండీ," అంది. "వీళ్ళంతా మన పెళ్ళికొచ్చినవాళ్ళు."

కాగితాలు గబగబా తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "డ్రైవరుతో కలిపి ఇక్కడి నుంచి బస్సులో వచ్చింది నలభై రెండు మంది. నేను ముందురోజే కారులో వచ్చేశాను కదా... మలై, ముప్పై ఆరు మంది ఆ బస్సువాళ్ళే!"

"ఏడు గంటల ప్రయాణం. బీరు ఎవరు పోశారు?"

చెప్పక్కర్లేదు. గ్లాసు తిప్పడంలో నాంసాయ్‌లో బున్‌హోమ్ పెదనాన్నని మించినవాడు లేడు. ఎంతమందున్నా ఒక్కటే గ్లాసు. పోసేవాడు ముందు తాను తాగి, ఆ గ్లాసే నింపి పక్కవాడికిస్తాడు. అతను ఖాళీ చేసి తిరిగిస్తే మరొకడికి. నాకు వేరే గ్లాసు కావాలన్నవాడితో ఏడాది పాటు మాట్లాడరు.

"బస్సెక్కేటప్పుడే ఖళ్ళుఖళ్ళుమంటున్నాడట," అన్నాడు ఖాంసింగ్. "అత్త అడిగితే, గొంతు గరగర, రెండు గ్లాసులు పడితే సర్దుకుంటుందన్నాడట."

"సర్దుకుందా?"

"మిగతా ముప్పై అయిదు మందికి సర్దాడు."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆపుదామంటే ఆగదే! ఏడు వారాల ఎడబాటు తల మీద వేలాడుతుంటే కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఎంతమందికి దక్కుతుంది, తమ పెళ్ళి దేశపటంలోకి ఎక్కడం!

డాక్టర్ సీసమొన్ గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ పచ్చి మామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకు తింటోంది. ఈ కేంద్రానికి పెద్ద ఆవిడే. ఆవిడ నవ్వగా చూశామని ఆఫీసులో ఇద్దరే చెబుతారు, వాళ్ళలో ఒకరు అబద్ధాలకోరు.

"డాక్టరమ్మా, నాంసాయ్ ఎర్రబడింది."

"చూశాను. పెన్సిలు విరగ్గొట్టావు."

"అది మా పెళ్ళి వల్లండీ."

మామిడి ముక్క నోటి దగ్గర ఆగింది. మలైవాన్ బస్సు సంగతి, గ్లాసు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"నీ పెళ్ళి కాబట్టి ఎరుపు పసుపైపోతుందా?"

"అవదండీ."

"మీ ఆయన బదిలీ ఆగుతుంది. తెలిసే రుద్దావా?"

"ముప్పై ఎనిమిది వచ్చాయి కదండీ మరి."

డాక్టరమ్మ కాసేపు ఆమె మణికట్ల దారాల వైపు చూసింది. "బస్సే కారణమని నువ్వంటున్నావు. ముప్పై ఆరు బస్సువాళ్ళు, బానే ఉంది. ఆ మిగతా ఇద్దరు ఎవరు? ఆసుపత్రికి రాకుండా ఇళ్ళలో మూలుగుతున్నవాళ్ళెందరు? బస్సు గడప దాటి ఊళ్ళోకి పాకిందా లేదా? ఫోనులో నవ్వుకుంటే తెలుస్తుందా?"

నవ్వు ఈ గదిదాకా వినబడిందన్నమాట. మలైవాన్ చెవులు కాలాయి.

"ఎవరైనా వెళ్ళి ఇల్లిల్లూ తిరగాలి," అంది డాక్టరమ్మ. "కొత్తవాళ్ళని పంపితే ఎవరు ఎవరి చుట్టమో, ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో తేల్చేసరికే పదిరోజులు."

"సీట్లు నాకు తెలుసండీ."

"నీకెలా తెలుసు? నువ్వు బస్సులో లేవుగా."

మలైవాన్ తన ఫోను ఆవిడ ముందు పెట్టింది. ఆడపడుచు పంపిన వీడియో, పదకొండు నిమిషాలు. బస్సు ఊగుతోంది, వెదురుగొట్టాల ఖేన్ మోగుతోంది, బున్‌హోమ్ పెదనాన్న ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో గ్లాసు పట్టుకుని వరసన వస్తున్నాడు. తను ఒక గుక్క, పక్కవాడికో గ్లాసు. పక్కకి తిరిగి ఒక దగ్గు, ముందుకి తిరిగి ఒక గ్లాసు. అయిదో వరస. ఆరో వరస. "ఇది మా కోడలికోసం! ఇది మా కోడలి అమ్మకోసం! ఇది వియంచన్‌కోసం!" రోడ్డు పక్క చాయ్ కోసం ఆగితే డ్రైవరు వెనక్కి తిరిగి, తాగేది లేదని చెయ్యి ఊపి, గ్లాసులోని ఐసు ముక్క మాత్రం నోట్లో వేసుకున్నాడు.

"ఐసు!" అంది డాక్టరమ్మ, కుర్చీలోంచి లేచి. "వెనక్కి తిప్పు. ఆ, అక్కడ ఆపు. ఐసు తిన్నాడు చూడు, వెధవ!"

ఆవిడ నవ్వింది. పళ్ళు కనబడేలా, కారం పొలమారేలా నవ్వింది. మంచినీళ్ళ కోసం మలైవాన్ పరిగెత్తింది.

ఊపిరి తిరిగాక డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, "ఇరవై ఆరేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నా, రోగం పాకడాన్ని వరసల వారీగా వీడియోలో చూడడం ఇదే మొదలు," అంది. బల్ల సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, ఒక పంక్తి వెంట వేలు నడిపింది. "ఎరుపు పడ్డ ఆసుపత్రి నుంచి సిబ్బందెవరూ కదలకూడదు. అక్కడికి ఎవరూ వెళ్ళకూడదని మాత్రం ఎక్కడా లేదు. పైగా కేంద్రం నుంచి ఒకరు వెళ్ళి తీరాలి. రేపు పొద్దున బస్సు. పది రోజులు. నమూనాల ఐసుపెట్టె తీసుకెళ్ళు."

"నేనాండీ?"

"ఇంకెవరు? పెళ్ళికి పిలిచింది నువ్వేగా. బస్సులో మాస్కు తియ్యకు. ఎవరు గ్లాసిచ్చినా పుచ్చుకోకు."

మలైవాన్ నడవాలో మర్యాదగానే నడిచింది. మెట్ల మలుపు తిరిగాక మాత్రం రెండేసి మెట్లు దూకింది.

ఇంట్లో అమ్మ గోల గోల. "అల్లుడు మనింటికి రావాలి గానీ, పిల్ల మెట్టుదిగి వెళ్ళడం ఎక్కడి ఆచారమే? వీధి వీధంతా నవ్వుతుంది."

"ప్రభుత్వం పంపుతోందమ్మా."

"మీ ప్రభుత్వం జిగురన్నం పెడుతుందా ఏడు గంటల దారిలో?" అంటూనే అన్నం బుట్ట నింపింది, ఎండుచేప వేయించింది, అల్లుడికని మిరపపచ్చడి సీసాలు రెండు కట్టింది. చివరికి ఆ పడవ చెప్పులు కూడా సంచిలో కుక్కింది. "తొడుక్కుని రమ్మను. ఇక్కడుంటే నువ్వే అరగదీస్తావు."

మర్నాడు మధ్యాహ్నం నాంసాయ్ బస్టాండులో ఖాంసింగ్ మాస్కు పెట్టుకుని, మోటారుసైకిలు మీద ఒక కాలు ఆనించి నిలబడున్నాడు. మాస్కు పైన కళ్ళు రెండూ సన్నటి గీతలైపోయాయి.

"కేంద్రం నుంచి వచ్చారా మేడమ్?"

"వచ్చాను నర్సుగారూ. తనిఖీకి."

"ఎన్ని రోజులుంటారో?"

"మీ పనితీరును బట్టి."

ఐసుపెట్టె ఇద్దరి మధ్యా పెట్టుకుని అప్పుడే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. చీటీల్లో మిగిలిన ఆ ఇద్దరూ ఖేన్ తాత మనవరాళ్ళని తేలింది. పెళ్ళికి రాలేదు, తాతతో ఒకే దోమతెరలో పడుకుంటారు. పక్కింట్లో జ్వరం లేదు. బడిలో లేదు. అంగడిలో కూరలమ్మే ఆడవాళ్ళని అడిగితే, "మాకెందుకొస్తుందమ్మా, మమ్మల్ని పెళ్ళికి పిలిస్తేగా!" అని దెప్పారు. ప్రతి ఇంట్లోనూ మంచం మీదివాళ్ళు కొత్తకోడల్ని చూసి లేచి కూర్చున్నారు. దుప్పట్లో వణుకుతూ కూడా ఖాంపియూ అత్త, "హనీమూన్‌కి అందరూ జలపాతాలకి పోతారు, మా కోడలు ముక్కుల్లోకి వచ్చింది," అంది. జ్వరం తగ్గేదాకా గడప దాటనని అత్త చేత ప్రమాణం చేయించి, ముక్కులో పుల్ల తిప్పి, గొట్టం మీద నంబరు రాసి మలైవాన్ లేచింది.

ఆ రోజుకి చివర బున్‌హోమ్ పెదనాన్న ఇల్లు. ఆయన జ్వరం అప్పటికే దిగిపోయింది. అయినా తలకి తువ్వాలు చుట్టుకుని, దోషిలాగా చాప అంచున కూర్చున్నాడు. ఊరంతా ఆయనకి కబురు మోసేసినట్టుంది.

"నా గ్లాసు వల్లేనంటగా అమ్మా, మావాడి బదిలీ ఆగింది?"

మలైవాన్‌కి అబద్ధమాడడం రాదు. "అవును పెదనాన్నా."

"ఊరు ఎర్రబడింది కూడా దానివల్లే?"

"దానివల్లే."

పెద్దాయన తల వంచుకుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తలెత్తి ఖాంసింగ్‌ని చూశాడు, కోడల్ని చూశాడు, వాళ్ళ మధ్య ఐసుపెట్టెని చూశాడు.

"మావాడు సోమవారానికి గానీ నీ దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇవాళేం వారం?"

"గురువారం."

"ఇవాళ గురువారం. మీరిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇదెవరి చలవ? సర్కారుదా? మీ డాక్టరమ్మదా?" ఆయన గొంతు అంతకంతకీ లేచింది, తువ్వాలు జారింది, దోషి కాస్తా పెళ్ళిపెద్ద అయిపోయాడు. "నా గ్లాసుది! రాసుకోండమ్మా మీ పుస్తకంలో! బున్‌హోమ్ అనేవాడు లేకపోతే..."

"తల వెనక్కి వాల్చండి పెదనాన్నా," అని మలైవాన్ ఆయన ముక్కులో పుల్ల పెట్టింది. పెదనాన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇల్లెగిరిపోయేలా తుమ్మాడు. అంత తుమ్ములోనూ ఆయన చెయ్యి పైకి లేచే ఉంది, గ్లాసు పట్టుకున్నట్టే.