శివన్న కాళ్ళకాడి తోడేలు

పొద్దున ఏడింటికల్లా శివన్న నీలం చొక్కా తగిలించుకుని, పెళ్ళాం దాసమ్మ కట్టిచ్చిన రాగిముద్ద డబ్బా పట్టుకుని సోలార్ పార్కు గేటుకు బయలుదేరతాడు. మూడేళ్ళుగా ఇదే వరస. అంతకుముందు ముప్పై ఏళ్ళు గొర్రెలు మేపిన నేలకే ఇప్పుడు కావలి. గొర్రెలు కనురెప్ప వేసేలోగా పక్కవాడి చేలో పడేవి. ఈ అద్దాలు నిలబెట్టినచోటే నిలబడి ఉంటాయి. పని సులువే, చిక్కల్లా ఆయన నీడతోనే.

శివన్న కాళ్ళ దగ్గర తోడేలు నీడ పడుతుంది. నిక్కిన చెవులు, వేలాడే చన్నులు, అంతా తేటగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం అందరి నీడలూ కాళ్ళ కిందికి దూరినా, అది మాత్రం బారెడు పొడుగున సాగే ఉంటుంది.

“శివన్నా, నీ తోడేలును రవ్వంత అవతలికి జరుపప్పా. ప్యానెల్ మీద పడతాండాది. మంజునాథ్ సారు చూస్తే నన్ను తిడ్తాడు” అంటుంది అద్దాలు తుడిచే ఆంజినమ్మ.

“జరుపుతాలేమ్మా” అని పక్కకు తప్పుకుంటాడు.

ఆయన ఊరు బలసముద్రం, కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే పల్లె. అక్కడ దాన్నెవరూ వింతగా చూడరు. ఒకరికి పిల్లికళ్ళుంటాయి, ఒకరికి ఆరోవేలు ఉంటుంది, శివన్నకు ఇది. ఊరకుక్కలు మాత్రం ఆయన వీధిలోకి వస్తే తోక ముడిచి మిద్దెలెక్కుతాయి.

అది ఎందుకొచ్చిందో శివన్నకు తెలుసు. పార్కు రాకముందు ఒకాయన కాగితాలు పట్టుకుని సర్వేకు వచ్చాడు. మైసూరు పక్క మనిషి, తెలుగు ముక్క రాదు. మడకశిర కొండల తట్టు నుంచి వచ్చే తోడేళ్ళు శివన్న చేను పక్కనున్న గుట్టలో ఈనేవి. ఏడాదికో గొర్రెపిల్లను ఎత్తుకుపోతే, దాని పాలు అది తీసుకుందిలే అని శివన్న తండ్రి ఊరుకునేవాడు.

“ఇల్లి తోళ ఇదెయా?” అని ఆ సర్వే ఆయన అడిగాడు. ఇక్కడ తోడేలుందా అని.

శివన్న గుట్టలో తోడేళ్ళుండే గవి వైపు గడ్డం ఎత్తి, “ఇల్లు...” అన్నాడు. దాని ఇల్లు ఆ బండకింద ఉండాది అని చెప్పబోయాడు, ఒట్టు. మొదటి మాట పడీపడకముందే ఆయన తల ఊపి, కాగితం మీద ‘ఇల్ల’ అని రాసుకున్నాడు. కన్నడంలో ‘ఇల్ల’ అంటే లేదు అని.

కన్నడం రానివాడైతే పొరబాటు అనుకోవచ్చు. శివన్న చదువుకున్న నాలుగు తరగతులూ కన్నడంలోనే. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ తోడేలుందంటే గుట్టను వదిలేస్తారు, గుట్టతోపాటు తన చేనూ కంపెనీకి గుత్తకు పోదు. అప్పటికి నాలుగేళ్ళుగా వానల్లేక వేరుశనగ కాయ పట్టలేదు. నోటిదాకా వచ్చిన మాటను శివన్న మింగేశాడు. వెనక గుమిగూడిన ఊరిజనం, తమ చేలకూ గండం గడిచిందని నవ్వారు. ఆయనా నవ్వాడు.

గుట్ట మీదికి జేసీబీ వచ్చినరోజు కావలి శివన్నదే. బండ కదిలినప్పుడు కింద నాలుగు పిల్లలు కుయ్‌మన్నాయి. ఎక్కణ్ణుంచో తల్లి పరుగెత్తుకొచ్చి, ఇంతమందిని చూసి ఆగింది. శివన్న చెయ్యెత్తితే మిషను ఆగేది. ఎత్తలేదు. తల్లి గవిలోకి దూరింది, మళ్ళీ బయటికి రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే కాళ్ళ దగ్గర ఈ నీడ ఉంది.

ఈ ఎండాకాలం తోడేళ్ళ లెక్కకని ఆశా అనే అమ్మాయి వచ్చింది. ఉత్తరపు కంచె అవతల, వంక ఒడ్డున కొంత బీడు మిగిలి ఉంది. కరువు రోజుల్లో జీవాలకు నాలుగు గుక్కల నీళ్ళు దొరికేది ఆ వంకలోనే. తోడేళ్ళు ఉంటే దాన్ని వాటి దారికి వదలాలి, లేకుంటే దానికీ కంచె పడుతుంది.

“ఏమీ చూళ్ళేదని చెప్పు శివన్నా. ఉండాయంటివా, రేపు నీ జాగాలో ఇంకొకడు నిలబడ్తాడు” అని సూపర్వైజర్ మంజునాథ్ ముందే చెవిలో వేశాడు.

ఆశా పక్కనున్న పావగడ పిల్లే. “పెద్దాయనా, ఈడ తోడేళ్ళు ఉండాయా?” అని తెలుగులోనే అడిగింది. తప్పించుకోవడానికి ఇంకో భాష లేదు.

నిజానికి మూడేళ్ళుగా ఆ చుట్టుపక్కల తోడేలును చూసినవాడు లేడు.

“ఉండాయి” అన్నాడు శివన్న.

“నువ్వు చూసినావా?”

“దినామూ చూస్తాండా.”

“ఎన్ని?”

పక్కనే ఉన్న మంజునాథ్ గట్టిగా దగ్గాడు. శివన్న నేలవైపు చూశాడు.

“ఐదమ్మా. తల్లీ, నాలుగు పిల్లలు.”

“నోటిమాటకు రాసుకుంటే ఒప్పరు పెద్దాయనా. అడుగులేమన్నా ఉండాయా?”

శివన్న కాళ్ళ దగ్గర నీడ ఒళ్ళు విరుచుకుంది. లేచి, కంచె సందులోంచి దూరి, వంకలోకి దిగింది. చెమ్మ ఇసుక మీద ఒక్కొక్క అడుగే పడుతూ పోయింది. దాని వెనకే చిన్న చిన్న అడుగులు, జారుతూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నాలుగు వరసలు పడ్డాయి. తొక్కకూడదని ఆశా పక్కకు జరిగి నిలబడింది. అవి పోయాక మోకాళ్ళ మీద కూర్చుని, అడుగుల పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసుకుంది.

“తాజావే. ఈ వంక జోలికి ఎవరూ రాకుండా రాస్తా” అంది.

మంజునాథ్ చెయ్యి చాపాడు. శివన్న మెడలోని ఐడీ కార్డు తీసి ఇచ్చేశాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో నీడలేకుండా ఇల్లు చేరిన మొగుణ్ణి దాసమ్మ ఎగాదిగా చూసింది.

“యాడికి పోయినాదప్పా అది?”

“వంకలోకి. పిల్లలు గూడా పోయినాయి.”

దాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. “పోనీలే. చేసిన పాపం తీరిపోయినాది. పనిదేముండాది, ఇంకోటి దొరుకుతాది. ఇంకన్నా నెమ్మదిగా ఉండు.”

శివన్న చెంబు అందుకోలేదు. గడపలో కూలబడ్డాడు.

“వంక మలుపుకాడ ఆగినాది దాసమ్మా. వెనక్కి తిరుగుతాదేమో అనుకుంటి. పిల్లలన్నీ వచ్చినాయా అని చూసుకున్నాది, పోయినాది. నా తట్టు చూడనే లేదు.”