ఫైల్లో లేని కుర్చీ

కట్టుడు పళ్ళు చేసే ఆయన రోజూ పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి, బీరువా పక్కనున్న సర్వర్ కంప్యూటరు ముందు కూర్చుని అందులోని ఫైలు ఒకసారి చదువుకుంటాడు. అక్క కూతురు ఆడుకునే ఆట, తన కట్టుడు పళ్ళ దుకాణం వెబ్‌సైటు, రెండూ ఆ చిన్న పెట్టెలోనే నడుస్తాయి. ఏమేం ఉండాలో ఫైల్లో రాస్తే చాలు, తెచ్చి నిలబెట్టే పూచీ పెట్టెది. రాయనివి మాత్రం రీస్టార్ట్ కాగానే తుడిచిపెట్టుకుపోతాయి.

ఇంటి సంగతీ అంతే. భార్య చనిపోయిన నెలలో ఆయన ఫైలు చివర మూడు లైన్లు చేర్చాడు: మంచం ఒకటి, కంచం ఒకటి, కుర్చీ ఒకటి. మర్నాటికి ఇంట్లో మంచాలు, కంచాలు, కుర్చీలు ఒక్కొక్కటే మిగిలాయి. ఊడవడం తేలికైందని పనిమనిషి సంబరపడింది.

కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ నాలుగింటికి పైకొచ్చి, గుమ్మానికి ఆనుకుని కబుర్లు చెప్పి పోయేది. కూర్చుందామని తెచ్చుకున్న స్టూళ్ళు ఇప్పటికి మూడు పోగొట్టుకుంది.

"మళ్ళీ మింగేసిందా మీ పెట్టె?"

"చేత్తో పెట్టినవి నిలవవండీ. ఫైల్లో రాయాలి."

"మరి రాయరేం?"

ఆయన తెర వైపు తిరిగాడు. కుర్చీలు రెండని రాస్తే రెండో మనిషి కోసం ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపంటే ఆయనకు చచ్చేంత భయం. రోజూ ఆ ఒక్క కుర్చీలో, తెర మీద మేనకోడలి ఆట చూస్తూ అన్నం తినేవాడు.

ఒకరోజు ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నానండీ. తమ్ముడు రమ్మంటున్నాడు. ఇక్కడ నిలబడి నిలబడి కాళ్ళు అరిగాయి."

ఆయన తలూపాడు. ఆవిడ మెట్లు దిగిపోయింది. కింద వ్యానులోకి కుట్టుమిషను ఎక్కిస్తున్న చప్పుడైంది.

ఆయన ఒక్క అంగలో పెట్టె దగ్గరికెళ్ళి ఫైలు తెరిచాడు. కుర్చీ రెండు. తొందరలో లైను చివర సెమికోలన్ మరిచిపోయాడు, పెట్టె ససేమిరా అంది. దిద్ది, మళ్ళీ రీస్టార్ట్ నొక్కాడు. వెంటనే ఫోన్ మోగింది.

"మామయ్యా! ఆట మధ్యలో ఆపేశావు!"

"కాస్త ఆగు తల్లీ."

పెట్టె లేచేసరికి తన కుర్చీకి ఎదురుగా ఇంకోటి ఉంది. మెట్ల దగ్గరికి పరిగెత్తి, "ఏవండీ, ఒక్కసారి పైకి రండి!" అని కేకేశాడు.

ఆవిడ వచ్చి, కుర్చీని చేత్తో ఊపి చూసింది. "రేపటికి ఉంటుందా?"

"రాశానండీ."

కూర్చుంది. కింద డ్రైవరు హారన్ కొట్టాడు, కాసేపాగి మళ్ళీ కొట్టాడు.

ఆవిడ లేవలేదు. వంటింటి వైపు చూసి, "కంచం ఇంకా ఒకటేనా?" అంది.