కొంగు మీద కత్తి

మా ఆవిడ నాగమణి ఎవరైనా కోడిని కోస్తుంటే చూసి తట్టుకోలేదు. ఫోనులో ముసుగువాడెవడో మనుషుల్ని వరసగా కోస్తుంటే మాత్రం బొరుగులు నములుతూ చూస్తుంది. అందులో ఏముందని అడిగితే, "నీకు తెల్వదులే, జర పక్కకు జరుగు" అంటుంది. జరీతో బతికేవాణ్ణి కదా, జర జరగడం నాకు అలవాటే.

గద్వాలలో మగ్గం మీద ఇంతకాలం కూర్చున్నా, ఆ సినిమాల మీద జనానికి ఎందుకంత మొగ్గో నాకు అర్థం కాలేదు. రక్తం ఉంటుంది, రక్తి ఉండదు. కథ ఉండదు, కోత ఉంటుంది. కోతే కావాలంటే ఎండాకాలం కరెంటు చాలదా?

పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే అర్బాజ్, మా పక్కింటి అబ్దుల్ మజీద్ కొడుకు, అలాంటి సినిమానే తీశాడు. బడ్జెట్ తక్కువ, బడాయి ఎక్కువ. హంతకుడి ముసుగు సిమెంటు సంచి. రక్తం గులాబీ షర్బత్. చచ్చినవాళ్ళు చీమలు కుట్టి మధ్యలో లేచి కూర్చున్నారట. వేషాలన్నీ మా వీధివాళ్ళవే, ఆఖరి చావు మా నాగమణిది.

సినిమాలు కొనే సారు ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చాడు. జనంతో కలిసి చూస్తాను, జనం భయపడితేనే తీసుకుంటాను అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, మా నేతగాళ్ళ వీధి మొత్తాన్ని పిలిచాడు అర్బాజ్.

"ఇది పోతే మళ్ళ పెళ్ళి వీడియోలే మామా" అన్నాడు నాతో.

"పెళ్ళి కంటే భయం పుట్టించే సినిమా ఏముందిరా" అన్నాను. నాగమణి నా వైపు ఒక చూపు చూసింది.

సినిమా మొదలైంది. కిరాణా కొట్టు నాగప్ప మెడ మీద కత్తి పడింది. హాలంతా నవ్వు.

"మెడ తెగినంక మీసం దువ్వుతుండేందిరా" అని వెనక నుంచి జంగమ్మ. సినిమాలో చచ్చిన నాగప్ప కుర్చీలోంచి లేచి, "చెయ్యి తిమ్మిరెక్కింది వదినా" అని జవాబు చెప్పి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎంతమంది చచ్చినా అంతే. సారు ఆవలించి ఫోను తీశాడు. గోడకు ఆనుకున్న అర్బాజ్ ముఖం నీళ్ళు కలిపిన షర్బత్ రంగుకొచ్చింది. నాకు జాలేసింది. భయపడదామని చూశాను, కానీ భయం అడిగితే వచ్చేది కాదు కదా.

అప్పుడు తెర మీద నాగమణి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా నవ్వు ఆగింది. ఆమె ఒంటి మీద ఉన్నది మా చీర. వంకాయ రంగు నూలు, పసుపుపచ్చ పట్టంచు. నూలు పోగుకూ పట్టు పోగుకూ ఒక్కొక్కటిగా చేత్తో ముడేసి మేమిద్దరం నేసిన చీర. ఎన్నో నేసి అమ్మిన చేతులతో మాకని ఉంచుకున్నది అదొక్కటే.

కొంగు తలుపుకు చిక్కుకుంది. ముసుగువాడు కత్తి ఎత్తాడు. అట్టకత్తి కాదు, అసలుది. అది అంచులోకి దిగింది. పట్టు పర్రుమంది.

"అయ్యో, అంచు" అని అరిచింది నేనేనట. నాకు గుర్తు లేదు. ఆపైన హాలంతా ఒకటే కేక. జంగమ్మ కళ్ళు మూసుకుంది. మగ్గం మీద ముసలైపోయిన జమ్ములమ్మ, "వద్దు కొడకా, పోగు పోతది" అని తెరకు దండం పెట్టింది. ఆ తర్వాత నాగమణి పీక కూడా తెగింది గానీ దాన్ని ఎవరూ చూడలేదు.

దీపాలు వేశాక నాగమణి వైపు తిరిగాను. "ఏంది గిది?"

"షూటింగుల అర్బాజ్ తెచ్చిన నైలాను చీర కోస్తే నవ్వొచ్చింది" అంది మెల్లగా. "పిల్లగాడు పరేషాన్ అయితుండు. దేనికి భయపడతనో నన్ను నేనే అడుక్కున్న. ఇంట్లకు పోయి మన చీర తెచ్చిన."

"మరి నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు అరుస్తుంటివా?"

కోపం రావాలి. రాలేదు. గుండె ఇంకా దడదడమంటోంది, పైగా ఆ ముక్క మళ్ళీ ఒకసారి చూడాలనిపిస్తోంది. ఇదెక్కడి మోజో నాకు అంతు పట్టలేదు.

సారుకూ అంతు పట్టలేదు. "చీరలో దయ్యం ఉందా?" అని నన్ను అడిగాడు.

"లేదు సార్. నేత ఉంది."

ఆయన నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, "నాకేం అర్థం కాలేదు, కానీ ఇట్లాంటి కేక నేనెక్కడా వినలేదు. తీసుకుంటున్నా" అన్నాడు. అర్బాజ్ కుర్చీలో కూలబడ్డాడు. సారు అతని భుజం తట్టాడు. "రెండో భాగం కూడా చెయ్యి. ఈసారి నాలుగైదు చీరలు కోసెయ్."

"మనుషులైతే ఎంతమందైనా దొరుకుతరు సార్" అంటూ అర్బాజ్ బిక్కమొహంతో హాలు వైపు తిరిగాడు.

ముందు వరస ఆడవాళ్ళందరూ అప్పటికే కొంగులు నడుముకు బిగించి, పిల్లల్ని లేపుకుని, తలుపు వైపు నడుస్తున్నారు.